ఒక గురువు, రెండు లఘువులు

కొత్తవాడల, సొసైటీ గోదాం ఎనుక గదిల
ఆ డబ్బా ఇరవై ఐదేండ్ల సంది ఉన్నది.
తెల్లగ వచ్చిందట.
ఇప్పుడు బీడీ తాగేటోని గోరు రంగు.

సారంగపాణి మీట నొక్కిండు.
ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు.
తెర నల్లగనే.
మళ్ల నొక్కిండు. మళ్ల అదే.
"పొద్దటి సంది ఇదే ఏడుపు బిడ్డా."

గురువు, లఘువు, లఘువు.
భగణమని మా తెలుగు సారు
హన్మకొండ బడిల బల్ల గుద్ది చెప్పిండు.
పద్యంల నాకెప్పుడూ దొరకలే.
ఈడ దొరికింది:
బొమ్మ చూపే కార్డు పోయిందని
మదర్‌బోర్డు చదివే పద్యం,
మొత్తం ఒక్క గణమే.

మూత తీసిన.
లోపల దుమ్ము కాదు, నూలు.
ఎరుపు, నీలం, పసుపు,
పాతికేండ్ల జంపఖానాలు రాల్చిన పీచు
పరుపు లెక్క పరుచుకున్నది.
బ్రష్షుతో ఊడ్చిన. గుప్పెడైంది.
పారెయ్యబోతే ఆయన చెయ్యి చాపిండు,
ఏ యేటిదో చూసుకుంటున్నట్టు
వేళ్ల నడుమ నలిపిండు.

పాత కార్డు ఒక్క ఎంబీది.
కెపాసిటర్లు మూడు పొట్టలుబ్బినయి.
దానికి తెలిసినయే
రెండు వందల యాభై ఆరు రంగులు.

కొత్తదంటే కొత్తదేం కాదు.
స్టేషన్ రోడ్డుల యాకూబ్ పాషా తుక్కు దుకాణం,
కిలోల లెక్క అమ్మే బోర్డుల కుప్పల
గంటన్నర మోకాళ్ల మీద దేవులాడిన.
ముప్పై రెండు ఎంబీ. ఏజీపీ.
ఎవరింట్ల ఏ ఆట ఆడిందో,
ఫ్యాను మీద సగం చినిగిన రాకాసి స్టిక్కరు.
"నూటయాభై."
"నడుస్తదా?"
"నడువకుంటే తీస్కరా, మళ్ల తూకానికేస్త."

ఫ్యాను తిరగలే.
సారంగపాణి మగ్గం కాడి నూనె డబ్బా తెచ్చిండు.
ఒక్క చుక్క.
గిర్రున లేచింది, కండె తిరిగినట్టు.
బంగారు పండ్లను పెన్సిలు రబ్బరుతో తోమిన,
స్లాటుల పెట్టి బొటనవేళ్లతో ఒత్తిన.
మర ఒకటి తక్కువైతే
ఆయన నూలు దారంతో ముడేసిండు.
నేను వద్దనలే.

మీట.
ఒక్కటే కూత, పొట్టిది.

డ్రైవరు కోసం ఇంకో పూట పోయింది,
అది చెప్పుకునే ముచ్చట కాదు.

మాపటికి తెర తెల్లారింది.
కోటీ అరవై ఏడు లక్షల రంగులని చెప్పిన, గొప్పగ.
"మా కాగులు తొమ్మిదే" అన్నడు,
కుర్చీ జరుపుకొని,
"పాత డిజైనొకటి తియ్యి, అంచున్నది."

తీసిన.
కండ్లద్దాలు తుడుచుకున్నడు. మళ్ల తుడుచుకున్నడు.
"ఇసుక ఏడవోయింది?"

ఏ ఇసుక?
అంచు పొంటి ఎరుపుల నల్లచుక్కలు చల్లినట్టుండేదట.
ఆ చుక్కలను గ్రాఫు కాయితం మీదికి గడి గడి దించి,
అట్టలు గుద్ది,
పద్దెనిమిదేండ్లు నేసిండ్రు.
మంచిర్యాల నుంచి, జగిత్యాల నుంచి వచ్చి
"ఇసుకంచుదే కావాలె" అని కొనుకపోయిండ్రు.

తెర మీదికి వంగిన.
నున్నగ, ముదురెరుపు, ఒక్కటే రంగు.
అప్పుడు సమజైంది:
ఆ రంగు పాత కార్డుకు చేతగాలే.
చేతగాక ఎరుపొక చుక్క, నలుపొక చుక్క
పక్కపక్కన పెట్టి ఇన్నేండ్లు సర్దుకున్నది.
ఆ సర్దుబాటును వీళ్లు నేసిండ్రు.

చెప్పాల్నా వద్దా అనుకుంటనే చెప్పేసిన.
ఆయన నవ్వలే, కోపం చెయ్యలే.
చచ్చిన కార్డు చేతులకు తీసుకొని
ఉబ్బిన పొట్టలు తడిమిండు.
"అయితే మాకంటె ముందుగల్ల ఇదే నేసింది."

రంగులు తగ్గిస్త, ఇసుక మళ్లొస్తది అన్న.
"వద్దు. వచ్చినయి ఉండనియ్యి."
మౌసు తన దిక్కు తిప్పుకొని
మొదటి గడిల ఒక నల్లచుక్క పెట్టిండు.
ఒకటి ఇడిసి ఇంకోటి.
అంచు మూడు వేల గడులుంటది.

యాకూబ్‌కిచ్చిన నూటయాభై అడగాలన్నది
చౌరస్తా దాటినంక యాదికొచ్చింది.